స్టార్ట్ గేటు పడకముందే అయిపోయే పని: ఉద్యోగం చేసుకుంటూ ఒక మోటోక్రాస్ సీజన్ లాగడం ఎలా

2025 డిసెంబర్‌లో మన గచ్చిబౌలి స్టేడియంలో ఇండియన్ సూపర్‌క్రాస్ రేసింగ్ లీగ్ రౌండ్ (మట్టి దిబ్బల మీద బైకు రేసులు) జరిగిన దగ్గర్నుంచి తెలిసినవాళ్ళంతా ఒకటే అడుగుతున్నారు, అన్నా మేం కూడా తొక్కొచ్చా, ఎక్కడ నేర్పిస్తారు, ఎంతవుతది అని. ఒక్కొక్కడికి విడివిడిగా చెప్పే ఓపిక లేక మొత్తం ఇక్కడ రాస్తున్నా.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే వీడెవడో పెద్ద ఛాంపియన్ అనుకుంటారు. మాది కర్నూలు దగ్గర, ఉద్యోగం హైదరాబాద్‌లో, 29 ఏళ్ళొచ్చాక మొదలుపెట్టా, నాలుగు సీజన్లయింది. ఇంట్లో ఉన్న ట్రోఫీ ఒక్కటే, లోకల్ క్లాస్‌లో మూడో ప్లేసు, అది కూడా నా ముందున్న ఇద్దరు ఆఖరి ల్యాపులో ఒకరినొకరు గుద్దుకుని పడిపోతే వచ్చింది. నవ్వకండి, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా దాని చుట్టూతానే తిరుగుతది. మనలాంటి ఆదివారం రైడర్లు స్పీడు చాలక వెనకబడేది తక్కువ, సగం రేసులో చేతులు పట్టేయడం, చైన్ ఊడిపోవడం, దూకాల్సిన అవసరం లేని జంప్ దూకి పడడం, వీటితోనే పోయేది ఎక్కువ. రేస్ పూర్తి చేసేవాడికి ప్లేసు దానంతటదే వస్తది.

ఇంకోటి, మోటోక్రాస్ అని అందరూ వాడేస్తారు గానీ మన దగ్గర జరిగేవి ఎక్కువగా సూపర్‌క్రాస్, లేకపోతే డర్ట్ ట్రాక్. అసలు మోటోక్రాస్ అంటే గుట్టలూ వాలూ ఉన్న సహజమైన నేల మీద పొడుగాటి ట్రాక్, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఒక్కో రేసు 30 నిమిషాలు ప్లస్ 2 ల్యాపులు ఉంటది. సూపర్‌క్రాస్ అంటే స్టేడియంలోనో కాలేజీ గ్రౌండ్‌లోనో టిప్పర్లతో మట్టి పోసి, జేసీబీతో దిబ్బలు కట్టి, రేస్ అయ్యాక మళ్ళీ ఎత్తేసేది. మన నోవైస్ (కొత్తవాళ్ళ) రేసులు కొన్ని ల్యాపులే, పది నిమిషాల్లోపే అయిపోతాయి. పది నిమిషాలేనా అనిపిస్తది కదా, ఒకసారి తొక్కి చెప్పండి.

బండి గురించి

మొదటి బండికి ఇంపోర్టెడ్ 450 సీసీ బండి కొనాలని చూసేవాళ్ళని ఇద్దర్ని చూశా, ఇద్దరూ ఆర్నెల్లలో అమ్మేశారు. కవాసాకి కేఎక్స్ 250 లాంటి అసలైన మోటోక్రాస్ బండి 107 కిలోల దగ్గర ఉంటది, హెడ్‌లైట్ ఉండదు, రిజిస్ట్రేషన్ అవ్వదు, రోడ్డెక్కకూడదు, ప్రతిసారి ట్రాలీలోనో పికప్‌లోనో వేసుకుపోవాల్సిందే. ఆయిల్, పిస్టన్ లాంటివి కిలోమీటర్ల లెక్కన కాదు, తిరిగిన గంటల లెక్కన మారుస్తారు. బండి కొనడానికి డబ్బుండడం వేరు, దాన్ని నడపడానికి డబ్బుండడం వేరు.

అందుకని మన దగ్గర చాలామంది హీరో ఎక్స్‌పల్స్ 200తో మొదలుపెడతారు, నేనూ అంతే. 21 అంగుళాల ముందు చక్రం, 18 వెనక చక్రం, ముందు సస్పెన్షన్ 190 మిల్లీమీటర్లు, వెనక 170. కంపెనీ ర్యాలీ కిట్ వేస్తే అది 250, 220 అవుతది. ఊర్లో సర్వీస్ దొరుకుతది, స్పేర్లు చవక, సోమవారం అదే బండి మీద ఆఫీసుకి కూడా పోవచ్చు. బరువు మాత్రం 158 కిలోల దాకా ఉంటది, అంటే కేఎక్స్ మీద ఒక బియ్యం బస్తా ఎక్కించినట్టే. స్టాక్ సస్పెన్షన్‌తో పెద్ద జంప్ దూకితే కింద టప్‌మని తగులుతది, ఆ దెబ్బ నడుముదాకా వస్తది. నేర్చుకునే ఏడాది మొత్తానికి, ఇండియన్ బైకుల క్లాసులకి, అది చాలు. హీరో వాళ్ళదే పాత బండి ఇంపల్స్ మంచిది దొరికినా వదలొద్దు, పవర్ తక్కువే గానీ తేలిక, పడ్డా ఏడుపు రాదు.

ఒక్క విషయం గట్టిగా చెప్తా. మీ రోడ్డు ఇన్సూరెన్స్ రేసులకి పనికిరాదు, మన దేశంలో పాలసీ కాగితం మీదే రాసుంటది, ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటివి కవర్ కావని. రేసులో విరిగింది మీ జేబులోంచే. కాబట్టి సైలెన్సర్ మార్పించడం, స్టిక్కర్లు, రంగు రంగుల లీవర్లు ఇవన్నీ పక్కనపెట్టండి. మొదటి ఏడు బండి మీద పెట్టాల్సింది నాలుగే: మంచి నాబీ (పెద్ద గడ్డలుండే) టైర్లు, చేతికి సరిపోయే హ్యాండిల్, ఇంజన్‌కి దెబ్బ తగలకుండా కింద బాష్ ప్లేట్, హ్యాండ్ గార్డులు. మిగిలిన డబ్బు బూట్లకీ ట్రైనింగ్‌కీ.

సెట్టింగ్‌లో శాగ్ అనేది ఒకటి ఉంది, అంటే మీరు ఎక్కితే వెనక సస్పెన్షన్ ఎంత కుంగుతదో ఆ లెక్క, చాలామంది పట్టించుకోరు. బండిని ఎత్తి వెనక చక్రం గాల్లో ఉన్నప్పుడు యాక్సిల్ నుంచి మడ్‌గార్డ్ మీద గుర్తు పెట్టిన చోటుకి టేపుతో కొలవండి, తర్వాత బూట్లూ హెల్మెట్టూ అన్నీ వేసుకుని మీరు ఎక్కి కూర్చున్నాక ఫ్రెండ్‌తో మళ్ళీ కొలిపించండి. తేడా మొత్తం ట్రావెల్‌లో (సస్పెన్షన్ కదిలే దూరంలో) మూడో వంతు దగ్గర ఉండాలి, 300 మిల్లీమీటర్ల ట్రావెల్ ఉన్న మోటోక్రాస్ బండికి 100 నుంచి 105, ఎక్స్‌పల్స్‌కి 55 అటూ ఇటూ. ఎక్కువుంటే వెనక కుంగి ముందు చక్రం తేలిపోతది, మూలల్లో బండి మాట వినదు. నేను మొదటి సీజన్ అంతా నాకు కార్నరింగ్ రాదు అని ఏడ్చా, తీరా చూస్తే స్ప్రింగ్ రెండు చుట్లు బిగించాల్సింది.

టైర్లో గాలి రోడ్డు లెక్క వేరు, మట్టి లెక్క వేరు. మోటోక్రాస్ టైర్లకి 12 నుంచి 14 పీఎస్ఐ. కానీ ట్యూబ్ టైరులో అంత తగ్గించాలంటే టైరుని రిమ్‌కి బిగించి పట్టే రిమ్ లాక్ ఉండాలి, లేదంటే టైరు రిమ్ మీద జారి వాల్వ్ దగ్గర ట్యూబు చిరుగుతది. ఊరి పంక్చర్ షాపతనికి 13 పెట్టమంటే పిచ్చోడిని చూసినట్టు చూస్తాడు, చిన్న గేజీ ఒకటి కొనుక్కుని బ్యాగులో పడేసుకోండి.

ఒంటి మీద వేసుకునేవి

వరుస చెప్తా: హెల్మెట్, బూట్లు, మోకాలి గార్డులు, గాగుల్స్, ఛెస్ట్ ప్రొటెక్టర్, గ్లవ్స్, ఆ తర్వాతే జెర్సీ, ప్యాంటు. రివర్స్‌లో కొంటున్నారు జనం, జెర్సీ మీద పేరు నంబరు కొట్టించుకుని కాళ్ళకి ట్రెక్కింగ్ బూట్లు. మోటోక్రాస్ బూటు మోకాలి కిందదాకా వస్తది, మొదట్లో అది వేసుకుంటే గేరు ఎక్కడుందో కూడా తెలీదు, ప్లాస్టర్ కట్టు వేసుకుని నడిచినట్టుంటది. నెల రోజులు ఇంట్లో టీవీ చూసేటప్పుడు కూడా వేసుకుని తిరగండి, ఇంట్లోవాళ్ళు ఏమన్నా అననీండి. మూలలో బండి కాలి మీద పడి ఈడ్చుకుపోయిన రోజు తెలుస్తది ఆ బూటు ధర ఎంత తక్కువో.

హెల్మెట్ సెకండ్ హ్యాండ్ వద్దు, ఒకసారి గట్టిగా తగిలింది బయటికి బాగానే కనపడినా లోపల నురగ నలిగిపోయి ఉంటది. గడ్డం ముందుకి పొడుచుకొచ్చి పైన టోపీ చూరులా ఉన్న మోటోక్రాస్ హెల్మెట్టే కొనండి, మూతి దగ్గర గాలి ఆడకపోతే మన ఎండలో కళ్ళు తిరుగుతాయి. మెడకి నెక్ బ్రేస్ వేయాలా వద్దా అని వాదనలు చాలా ఉన్నాయి, నేను వేస్తా.

ఎక్కడ ప్రాక్టీస్ చేయాలి

మనకి ఊరూరా ట్రాకులు లేవు కాబట్టి ఇది పెద్ద తలనొప్పి. నా సలహా ఏంటంటే మొదటి మూడు రోజులు ఎవరో ఒక మంచి కోచ్ దగ్గరికి పోయి డబ్బు పెట్టి నేర్చుకోండి, అలవాట్లు పాడవ్వకముందే. 2015లో డకార్ ర్యాలీ (రోజుల తరబడి ఎడారిలో సాగే రేసు) పూర్తి చేసిన మొదటి ఇండియన్ సీఎస్ సంతోష్ పెట్టిన బిగ్‌రాక్ ట్రైనింగ్ ట్రాక్ కర్ణాటకలో కోలార్ దగ్గరే ఉంది, మదనపల్లె పలమనేరు వైపు వాళ్ళకైతే పక్క ఊరికి పోయినట్టే, హైదరాబాద్ నుంచి రాత్రి బయల్దేరితే పొద్దునకి అక్కడుంటారు.

తర్వాత రోజువారీ తొక్కడానికి నేల కావాలి. ఎవరిదైనా ఖాళీ పొలం, కట్టకుండా వదిలేసిన వెంచరు, ఏదైనా సరే ఓనర్ని అడిగే పోవాలి, అడగ్గానే ఒప్పుకునేవాళ్ళు చాలామందే ఉంటారు, పంట లేనప్పుడు మాత్రమే, గట్లు తొక్కం అని మాటిచ్చి. అడవిలోకి, ఎండిన చెరువులోకి పోవద్దు, కేసులవుతాయి, పైగా పశువుల్ని మేపుకునేవాళ్ళు ఎటునుంచి వస్తారో తెలీదు.

నేల రకం చూసుకోవాలి. ఎర్ర నేల, గరుకు ఇసుక కలిసిన చల్క భూమి మనకి బంగారం, వాన పడ్డ రెండో రోజు దాని మీద వచ్చే గ్రిప్పు ఇంకెక్కడా రాదు. నల్ల రేగడి ఎండాకాలం పగుళ్ళిచ్చి చక్రం ఇరుక్కుంటది, వానాకాలం ఇంక చెప్పక్కర్లేదు, మా కర్నూలు వైపు ఒకసారి తెలివితక్కువగా దిగా, పది గజాలు పోయేసరికి మడ్‌గార్డ్‌కీ టైరుకీ మధ్య మట్టి ముద్దై చక్రమే ఆగిపోయింది, ట్రాక్టరతను వచ్చి లాగుతూ తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే. మొరం మీద దుమ్ము ఎక్కువ, ఫిల్టరు పని పడతది, కానీ ఏడాదంతా తొక్కొచ్చు.

ఒక్కరే అస్సలు పోవద్దు. ఇద్దరుండాలి, ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు కింద ఉండాలి, ఫోను సిగ్నల్ ఎక్కడొస్తదో ముందే చూసుకోవాలి, దగ్గర్లో ఎముకల డాక్టరున్న హాస్పిటల్ ఏదో తెలిసుండాలి, తీసుకుపోడానికి కారో జీపో ఉండాలి. నా ఫ్రెండ్‌కి కాలర్ బోన్ విరిగినప్పుడు అక్కడున్నవన్నీ బైకులే, వాణ్ణి పాల వ్యాన్‌లో పంపించాం.

ఏం ప్రాక్టీస్ చేయాలి

గంటసేపు గుండ్రంగా ఫుల్ రేజ్‌లో తిరిగితే ప్రాక్టీస్ అవ్వదు, పెట్రోల్ అవుతది. ఒక్కో రోజు ఒకటే పని పెట్టుకోండి.

మొదటిది నిలబడడం. పాదం ముందు భాగం ఫుట్ పెగ్ మీద, మోకాళ్ళతో ట్యాంకుని గట్టిగా పట్టుకుని, నడుము కొంచెం వెనక్కి, తల హ్యాండిల్ మీదకి, మోచేతులు పైకెత్తి బయటికి. బండిని పట్టుకోవాల్సింది కాళ్ళతో, చేతులు నడిపించడానికే. చేతులతో వేలాడితే ముంజేతులు రాళ్ళలా బిగుసుకుపోతాయి, దాన్ని ఆర్మ్ పంప్ అంటారు, నాలుగో ల్యాపుకి క్లచ్ నొక్కడానికి వేళ్ళు రావు, బ్రేక్ పట్టుకుందామన్నా చెయ్యి వినదు. దీనికి నూనెలూ మసాజులూ అని చాలా చెప్తారు, నాకు పనిచేసింది మాత్రం రెండే, మోకాళ్ళతో పట్టడం, ఊపిరి బిగపట్టకుండా వదలడం. రేసులో గట్టిగా ఏదన్నా పాట పాడుకోండి, పాడాలంటే ఊపిరి తీసుకోవాల్సిందే కదా.

రెండోది ఎనిమిది ఆకారం. రెండు నీళ్ళ బాటిళ్ళు పది అడుగుల దూరంలో పెట్టి వాటి చుట్టూ ఎనిమిది వేయండి, ముందు నిలబడి, తర్వాత కూర్చుని. బోరు కొడతది, నిజమే, కానీ క్లచ్, రేజ్, వెనక బ్రేకు మూడూ కలిపి వాడడం ఇక్కడే వస్తది. కూర్చుని తిరిగేటప్పుడు సీటు మీద బాగా ముందుకి, దాదాపు ట్యాంకు మీదకి జరగండి, లోపలి కాలు ముందుకి చాపి ముందు చక్రం యాక్సిల్ వైపు పెట్టండి, నేలకి ఆనించి ఈడ్చొద్దు, మోకాలు తిరిగిపోతది. బయటి వైపు పెగ్ మీద బరువు వేసి నొక్కండి, మూలలో బండిని నిలబెట్టేది అదే. చూపు చక్రం ముందు గుంత మీద కాదు, మీరు బయటికి వచ్చే చోట ఉండాలి. గాడి పడ్డ మూలలో అయితే మరీ ముఖ్యం, గాడిలోకి చూశారా చక్రం గాడి గట్టు మీదకి ఎక్కేస్తది.

మూడోది బ్రేకు. ముందు బ్రేకు వాడితే పల్టీ కొడతది అనే భయం మనకి చిన్నప్పుడు సైకిలు దగ్గర్నుంచి ఉంది. తిన్నగా ఉన్నప్పుడు ఒక్క వేలితో మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి, ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకే చేస్తది. బండి వంగాక మాత్రం ముందు బ్రేకు వదిలెయ్యాలి, మట్టిలో వంగి ముందు బ్రేకు పట్టుకుంటే కన్ను మూసి తెరిచేలోపు నేల మీదుంటారు.

ఈ మూడూ నెలా రెండు నెలలు చేశాకే జంపులు. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చదవండి, ఎందుకంటే ఆసుపత్రికి పోయేవాళ్ళలో నేను చూసినంతలో చాలామంది ఇక్కడే పోతారు. మొదట టేబుల్ టాప్, అంటే పైన చదునుగా ఉండేది, తక్కువ దూకినా పైనే పడతారు, ఏమీ కాదు. రెండు దిబ్బల మధ్య ఖాళీ ఉండే డబుల్ జోలికి పోవద్దు, దూరం చాలకపోతే రెండో దిబ్బ మొహానికే తగులుతారు. ప్రతి జంపునీ ముందు మెల్లగా ఎక్కి దిగండి, రెండుసార్లు, అటువైపు ఎలా ఉందో కళ్ళతో చూడండి, అప్పుడే దూకండి. ఎక్కేటప్పుడు నిలబడి, రేజ్ ఒకేలా పట్టుకుని అంచు దాటేదాకా వదలొద్దు. భయపడి అంచు దగ్గర రేజ్ మూసేశారా ముందు చక్రం కిందికి పోయి తలకిందులుగా పోతారు, నేను చూసిన కొత్తవాళ్ళ జంపు ప్రమాదాల్లో ఎక్కువ ఇవే. గాల్లో ముక్కు మరీ పైకి లేస్తే వెనక బ్రేకు ఒక్కసారి తట్టండి, చక్రం తిరగడం ఆగి ఆ ఊపు బండి మొత్తానికి వచ్చి ముక్కు దిగుతది. ముక్కు కిందికి పోతుంటే రేజ్ ఇవ్వండి, చక్రం ఇంకా వేగంగా తిరిగి ముక్కు లేస్తది. చదువుకున్నప్పుడు ఫిజిక్స్ సార్ చెప్పిన యాంగులర్ మొమెంటం నాకు అర్థమైంది గాల్లోనే. దిగేటప్పుడు కొంచెం రేజ్ ఉండాలి, మోకాళ్ళు వదులుగా ఉండాలి, సీటు మీద కూలబడొద్దు.

స్టార్ట్

దీన్ని విడిగా రాయాలి. మొదటి మూలకి ఎవరు ముందు పోతే వాళ్ళకి దుమ్ము ఉండదు, రాళ్ళు తగలవు, గుంపులో ఇరుక్కోరు. అయినా మనలో ఎవరూ స్టార్టు ప్రాక్టీస్ చేయరు, ఎందుకో తెలీదు. వారంలో ఇరవై స్టార్టులు చేయండి, ముప్పై గజాలు పోయి ఆపేయండి చాలు.

సీటు మీద ముందుకి కూర్చుని, ఛాతీ హ్యాండిల్ మీదకి, మోచేతులు పైకి. ఎక్స్‌పల్స్ అయితే ఫస్ట్ గేరు, పవరున్న 250లూ 450లూ ఎక్కువమంది సెకండ్‌లో లేపుతారు. రేజ్ ఒకచోట పట్టి ఉంచి ఒక్క వేలో రెండు వేళ్ళో క్లచ్ మీద పెట్టి, టక్కున వదిలెయ్యకుండా జార్చుకుంటూ వదలాలి. కాళ్ళు వెంటనే పెగ్ మీదకి రావాలి, నేల మీద ఈడ్చుకుంటూ పోయేవాడు మొదటి గేరు మార్చడం ఆలస్యం చేస్తాడు. ఎఫ్ఐఎం (ప్రపంచ మోటార్‌సైకిల్ రేసుల సంఘం) రూల్ ప్రకారం 15 సెకన్ల బోర్డు, ఆ తర్వాత 5 సెకన్ల బోర్డు చూపించి, దాని నుంచి 5 నుంచి 10 సెకన్ల లోపు గేటు, అంటే చక్రాల ముందు అడ్డంగా ఉండే పైపు, పడేస్తారు. చూడాల్సింది స్టార్టర్ మొహం కాదు, మీ ముందున్న గేటు పైపుని. ఆత్రంగా ముందే దూకితే చక్రం గేటుకి ఆనుకుని గేటు పడదు, అందరూ పోయాక మీరు వెనక్కి లాక్కుంటూ ఉంటారు. అది నాకు జరిగింది, మా ఆవిడ వీడియో కూడా తీసింది. చిన్న ఈవెంట్లలో గేటు లేకుండా జెండా ఊపి వదులుతారు, రెండూ అలవాటు ఉండాలి.

వారంలో ఒంటికి పని

ఉద్యోగం ఉన్నోళ్ళకి వారంలో బండి ఒక్కసారే, మహా అయితే రెండుసార్లు. మిగిలిన రోజుల్లో నేను చేసేది చెప్తా. రెండు రోజులు బరువులు, అందులో ముఖ్యంగా గుంజీలు, డెడ్‌లిఫ్ట్, కడుపు కండరాలు. స్కూల్లో సార్లు తీయించిన గుంజీలే ఇప్పుడు జిమ్‌కి డబ్బు కట్టి తీస్తున్నా. రెండు రోజులు సైకిల్, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ ఉంది కదా, నానక్‌రాంగూడ నార్సింగి వైపు ఉండేవాళ్ళకి అంతకన్నా అదృష్టం లేదు, నీడ ఉంటది. ఒక రోజు మెల్లగా గంటసేపు, ఇంకో రోజు రెండు నిమిషాలు ప్రాణం పోయేలా, రెండు నిమిషాలు మెల్లగా, అలా ఎనిమిది సార్లు. రేసులో గుండె కొట్టుకునేది అలానే.

ఎండలో తొక్కే ముందు రోజు నుంచే నీళ్ళు తాగాలి, దాహమేసినప్పుడు కాదు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, ఓఆర్ఎస్, పొద్దున ఇడ్లీ గానీ రాగి జావ గానీ. రేస్ ముందు రాత్రి బిర్యానీ తినకండి. తినొద్దని నాకు నాలుగేళ్ళుగా తెలుసు, నాలుగేళ్ళుగా తింటూనే ఉన్నా, అది వేరే విషయం.

సీజన్ ప్లాను, కాగితాలు

మన దేశంలో రేసులకి అనుమతిచ్చేది ఎఫ్ఎంఎస్‌సీఐ అనే మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య, వాళ్ళ లైసెన్స్ లేకుండా నేషనల్ ఈవెంట్‌లో దిగలేరు. ఆన్‌లైన్‌లో అప్లై చేయాలి, డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్, బ్లడ్ గ్రూపు కావాలి, 18 లోపు వాళ్ళకి అమ్మానాన్నల సంతకం కావాలి. ఈవెంట్‌కి వారం ముందు మొదలుపెడితే టెన్షన్, నెల ముందే చేసేయండి. అనుమతి లేని రేసులు ఊర్లలో పండగలకి జరుగుతుంటాయి, లైసెన్స్ ఉన్నవాళ్ళు వాటిలో దిగితే లైసెన్స్‌కే ఎసరొస్తది, అంబులెన్స్ ఉంటదో ఉండదో కూడా గ్యారంటీ లేదు.

ఈవెంట్ ప్రకటించగానే సప్లిమెంటరీ రెగ్యులేషన్స్ అనే కాగితం వస్తది, దాన్ని ప్రతి లైనూ చదవండి. ఏ క్లాసులో ఎంత సీసీ, ఏ టైరు, నోవైస్ అంటే ఎవరు, అన్నీ అందులోనే. మొదటి ఏడు నోవైస్, లోకల్ క్లాస్ రెండే వేయండి. ఒకే రోజు నాలుగు క్లాసులకి డబ్బు కట్టి మధ్యాహ్నానికి నడవలేక కూర్చునేవాళ్ళు ప్రతి ఈవెంట్‌లో కనపడతారు.

నేను సీజన్ని ఇలా విడగొడతా. వానలు తగ్గాక మొదటి ఎనిమిది వారాలు డ్రిల్లులే, రేస్ మాటే లేదు. తర్వాత నాలుగు వారాలు టైము పెట్టి పది నిమిషాల మోటోలు (రేసులాగే ఆపకుండా తొక్కడం), ఆదివారం మూడు, మధ్యలో అరగంట విశ్రాంతి. అప్పుడు రేసులు మొదలు, రెండు రేసుల మధ్య కనీసం మూడు వారాలు ఉండేలా. ఏడాదికి నాలుగు రేసులు చాలు, నిజంగా. పూణే, కోయంబత్తూర్, బెంగళూరు అని అన్నిటికీ పరిగెత్తితే బండి రవాణా ఖర్చే టైర్లకి మించిపోతది, లీవులన్నీ అయిపోతాయి. ఒక బొలెరో పికప్‌ని ముగ్గురు కలిసి మాట్లాడుకోండి, మూడు బండ్లు పడతాయి, టై డౌన్ బెల్టులు సొంతవి తీసుకెళ్ళండి, డ్రైవరన్న కొబ్బరి తాడుతో కడతానంటాడు.

రేస్ రోజు

తెల్లారేసరికి అక్కడుండాలి. స్క్రూటినీలో బండినీ హెల్మెట్‌నీ చూస్తారు, లీవర్ చివర బంతిలా గుండ్రంగా ఉందా, రేజ్ వదలగానే వెనక్కి వస్తుందా, ఇంజన్ ఆపే స్విచ్ పనిచేస్తుందా అని. తర్వాత రైడర్స్ బ్రీఫింగ్, దీనికి డుమ్మా కొట్టొద్దు. జెండాలు బుర్రలో ఉండాలి: పసుపు ఊపుతుంటే ముందెవడో పడ్డాడు, ఓవర్‌టేక్ చేయొద్దు, జంపు దూకొద్దు, మెల్లగా ఎక్కి దిగుతూ పోవాలి. నీలం అంటే వెనక లీడరొస్తున్నాడు దారివ్వు. ఎరుపు అంటే రేస్ ఆగింది. నల్లది మీ నంబరుతో చూపిస్తే మీ పని అయిపోయింది.

ట్రాక్‌ని నడిచి చూడండి, పొద్దున ఒకసారి, కుదిరితే మధ్యాహ్నం ఇంకోసారి, ఎందుకంటే పొద్దున నీళ్ళు కొట్టి మెత్తగా ఉన్న ట్రాకు మధ్యాహ్నానికి గాడులు పడి, గట్టిపడి వేరే ట్రాకైపోతది. అందరూ వెళ్ళే గాడి పక్కన ఎక్కడ వాడని నేలుందో చూసుకోండి. ప్రాక్టీస్‌లో మొదటి రెండు ల్యాపులు ఏ జంపూ దూకకండి, ఎవడు నవ్వినా సరే.

రేస్ మొదలయ్యాక మొదటి మూలలో బయటివైపు ఉండడం నాకిష్టం, దూరం ఎక్కువైనా గుంపు లోపల పడిపోతే తప్పించుకోవచ్చు. మొదటి రెండు ల్యాపులు మీ స్పీడులో నూటికి తొంభై వంతులే తొక్కండి. పడితే ముందు ట్రాకు బయటికి రండి, బండి తర్వాత. తల తగిలి కళ్ళు మసకేసినా, వాంతొచ్చినట్టున్నా, ఎన్నో ల్యాపో గుర్తులేకపోయినా ఆ రోజుకి రేస్ బంద్, డాక్టర్ దగ్గరికి, ఇందులో వాదన లేదు. డకార్ ఏడుసార్లు తొక్కిన సంతోషే 2021లో సౌదీలో పడి కోమాలో ఉండాల్సొచ్చింది, మనమెంత. అట్నుంచి చూస్తే కేరళ షొర్ణూర్ కుర్రాడు హరిత్ నోవా ఇదే నేషనల్ సూపర్‌క్రాస్ తొక్కి తొక్కి 2024 డకార్‌లో ర్యాలీ 2 క్లాస్ గెలిచాడు, బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే 2019లో బాజాస్ (చిన్న ఎడారి ర్యాలీలు) ప్రపంచ కప్ మహిళల టైటిల్ కొట్టింది. వాళ్ళ దారి కూడా మట్టిలోంచే మొదలైంది, మనం వాళ్ళలా అయిపోతామని కాదు గానీ తెలిసుండడం మంచిది.

ఇంటికొచ్చాక

ఆదివారం రాత్రి ఎంత అలసిపోయినా బండిని అలా పడేసి పడుకోవద్దు. సైలెన్సర్ నోట్లో గుడ్డ కుక్కి, కడిగి, చైన్‌కి నూనె పెట్టి, చువ్వలన్నీ ఒక్కొక్కటీ స్పానర్‌తో తట్టి చూడండి, బిగువుగా ఉన్నది టింగ్ అంటది, వదులైంది డబ్ అంటది. ఒక నోటుబుక్‌లో ఆ రోజు ఎన్ని గంటలు తిరిగింది, ఏ గాలి, శాగ్ ఎంత, ఏ మూలలో ఇబ్బందైంది రాసుకోండి. నట్లలో వెనక యాక్సిల్, స్ప్రాకెట్, ఫుట్ పెగ్ మూడూ ప్రతిసారి చూడాలి.

అన్నిటికన్నా ముందు ఎయిర్ ఫిల్టర్. రోడ్డు బండ్లలో ఎక్కువగా కాగితం ఫిల్టరుంటది, దాన్ని కడగకూడదు, మార్చడమే. ఫోమ్ ఫిల్టరైతే కిరసనాయిల్‌లో మెల్లగా పిసికి, సబ్బు నీళ్ళతో కడిగి, పిండకుండా నొక్కి ఆరేయాలి, పెట్రోల్ వాడితే అతుకులు ఊడిపోతాయి. పూర్తిగా ఆరాక ఫిల్టర్ ఆయిల్ రాసి, అంచుకి గ్రీజు పూసి పెట్టాలి. తడి ఉండగా పెడితే ఆయిల్ పట్టదు, దుమ్మంతా నేరుగా ఇంజన్‌లోకి పోయి సిలిండర్ గీసేస్తది. మా బాల్కనీలో దండెం మీద ఆఫీసు చొక్కాల పక్కన అది వేలాడుతుంటది, వానాకాలమైతే రెండు రోజులకి గానీ ఆరదు, అందుకే మొదటి రోజే రెండు ఫిల్టర్లు కొనిపెట్టుకోండి.